బిగ్‌హార్న్ కొండల కింద, నాన్న ఎర్ర పెన్నుతో

రాంచ్, అంటే పశువులు, గుర్రాలు పెంచే పెద్ద పొలం అనగానే మా పిల్లలకి గుర్రాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం దాని చుట్టుపక్కల ఊళ్లు గుర్తొస్తాయి. ఒక ఊళ్లో చెప్పిన కథను పక్క ఊరు సవరించడం, ఆ సవరణను ఇంకో ఊరు మళ్లీ సవరించడం, ఇదంతా గంటన్నర ప్రయాణం లోపల జరిగిపోవడం నేను అక్కడ తప్ప ఇంకెక్కడా చూడలేదు.

వయోమింగ్ రాష్ట్రం ఉత్తరపు కొసన, బిగ్‌హార్న్ కొండలు గడ్డి మైదానాల్లోకి దిగేచోట షెరిడన్ అనే ఊరుంది. దాదాపు పదేళ్ల కిందట ఒక జులైలో ఆ ఊరికి దగ్గర్లోని ఒక గెస్ట్ రాంచ్‌లో దిగాం. డెన్వర్‌లోని మా ఇంటి నుంచి ఇంటర్‌స్టేట్ 25 పట్టుకుని ఉత్తరంగా పోతే ఆరు గంటల పైచిలుకు దారి. అప్పుడే తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎక్కడికెళ్లినా చేతిలో ఒక పొడుగు నోట్‌బుక్కు, చొక్కా జేబులో రెండు పెన్నులు ఉండాల్సిందే. నీలం పెన్నుతో రాసుకునేవారు, ఎర్ర పెన్నుతో దిద్దుకునేవారు. పిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ పట్టుబడ్డ అలవాటు అది.

మా ఆయన, పిల్లలు పొద్దున టిఫిన్ కాగానే గుర్రాలెక్కి కొండ దారి పట్టేవారు. అమ్మకి మోకాళ్లు సహకరించవు. నాన్నని ఎక్కమంటే, "నేను ఎక్కితే అది నడుస్తుంది, మరి చూసేదెవరు?" అనేవారు. దాంతో ముగ్గురం కారు తీసుకుని బయల్దేరేవాళ్లం.

రాంచ్ గురించి కొంచెం చెప్పాలి. ఇంకా మంచు వీడకముందే, రాత్రంతా పైన మేసిన గుర్రాలను రాంగ్లర్లు, అంటే గుర్రాల కాపరులు, మందగా తోలుకొచ్చేవారు. ఆ డెక్కల చప్పుడుకి అమ్మ దుప్పటి కప్పుకుని వరండాలోకి వచ్చి నిలబడేది. దుంగలతో కట్టిన గదులు, గంట కొడితే అందరూ చేరే భోజనాల హాలు, కాటన్‌వుడ్ చెట్ల కింద వాగు. వాన పడి వెలిసినప్పుడు సేజ్ పొదల్లోంచి ఘాటైన వాసన ఒకటి లేచేది. వంట చేసే పెద్దావిడ అమ్మ కోసం మాంసం తగలకుండా బీన్స్ వేరే గిన్నెలో వండి, మొక్కజొన్న రొట్టె మీదికి చోక్‌చెర్రీ జెల్లీ పెట్టేది. అమ్మ ఆ జెల్లీ ఎలా చేస్తారో అడిగి తెలుసుకుంది.

డబ్బు తీసుకుని అతిథులను ఉంచుకునే ఈ రాంచ్‌ల పద్ధతి మొదలుపెట్టినవాళ్లు కూడా చివరికి షెరిడన్ దగ్గరే స్థిరపడ్డారు. పిట్స్‌బర్గ్ నుంచి పడమటికి వచ్చిన ఈటన్ సోదరులు, అంటే హోవర్డ్, ఆల్డెన్, విల్లిస్, ముందు డకోటాలో మెడోరా దగ్గర పశువుల రాంచ్ పెట్టారు. తూర్పు నగరాల నుంచి వచ్చిన స్నేహితులు వారాల తరబడి ఉండిపోయేవారు. 1882లో ఒక అతిథి, తిన్నదానికీ ఉన్నదానికీ డబ్బు తీసుకోవాల్సిందేనని పట్టుబట్టాడట. అలా మొదలైన లెక్క అది. 1886-87 చలికాలంలో మైదానాల్లో పశువులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాక, ఎద్దుల కంటే అతిథులే నమ్మకమైన రాబడి అని చాలా రాంచ్‌లకు తెలిసొచ్చింది. ఈటన్లు 1904లో షెరిడన్‌కి పడమరన వుల్ఫ్ క్రీక్ ఒడ్డుకు మారారు. ఆ రాంచ్ ఇప్పటికీ నడుస్తోంది. 1926లో, ఇలా అతిథులను ఉంచుకునే "డ్యూడ్ రాంచర్ల" సంఘం కూడా ఏర్పడింది, దానికి రైల్వే కంపెనీ అండ ఉంది. రైలు టిక్కెట్లు అమ్ముడుపోవాలి కదా. ఈ వివరమంతా నాన్న మొదటి సాయంత్రమే హాల్లోని పాత ఫొటోల కింద కాగితాలు చదివి, రాంచ్ యజమానిని కూర్చోబెట్టి అడిగి రాసుకున్నారు.

మొదట షెరిడన్ ఊళ్లోకి వెళ్లాం. రైలు పట్టాల ఎదురుగా 1893లో కట్టిన షెరిడన్ ఇన్ ఉంది. పొడవాటి వరండా, పైకప్పు నిండా చూరు కిటికీలు. బఫెలో బిల్ కోడీ ఆ వరండాలో కూర్చుని, తన వైల్డ్ వెస్ట్ ప్రదర్శనకి రౌతులను ఎంచుకునేవాడు. ఎదుట మైదానంలో కుర్రాళ్లు గుర్రాల మీద తమ ప్రతాపం చూపించేవారు. అమ్మకి కోడీ కథ ఆనలేదు. ఆమె మనసు పట్టుకున్నది కేట్ ఆర్నాల్డ్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పనికి చేరి, ఆరు దశాబ్దాలకు పైగా ఆ హోటల్‌లోనే పనిచేసి, అక్కడే బతికిన మనిషి. చనిపోయాక ఆమె కోరిక ప్రకారం చితాభస్మాన్ని ఆమె ఉన్న గది గోడలో భద్రపరిచారు. "పుట్టిల్లూ కాదు, అత్తిల్లూ కాదు. పనిచేసిన చోటే ఇల్లనుకుంది చూడవే," అని అమ్మ ఆ మెట్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

మెయిన్ స్ట్రీట్ ఇప్పటికీ ఇటుక భవనాలతో, 1907 నాటి మింట్ బార్ మీద రౌతుతో ఎగిరెగిరి పడే గుర్రం నియాన్ బొమ్మతో కళకళలాడుతుంటుంది. కింగ్స్ శాడిలరీ అనే జీనుల దుకాణంలో ఒక గదంతా తాళ్లే. పశువులను ఉచ్చు వేసి పట్టే తాళ్లు, మందాన్ని బట్టి, బిరుసును బట్టి వరసలు వరసలుగా వేలాడదీసి ఉంటాయి. దాన్ని ఆనుకునే జీనుల మ్యూజియం ఉంది. జీను తోలు మీద అడవి గులాబీలు చెక్కడం ఈ ఊరి పనివాళ్ల ప్రత్యేకత. ఒక్కో రేకు మీద ఎంత ఓపిక పెట్టారో చేత్తో తడిమి చూడాలనిపిస్తుంది. కొండ మీద ట్రెయిల్ ఎండ్ అనే భవంతి ఉంది. జాన్ కెండ్రిక్ 1879లో టెక్సస్ నుంచి పశువుల మంద వెంట కూలివాడిగా నడిచొచ్చి, యజమాని కూతుర్ని పెళ్లాడి, పశువుల ఆసామిగా ఎదిగి, గవర్నరూ ఆ తర్వాత సెనేటరూ అయ్యాడు. 1913లో పూర్తయిన ఆ ఇంట్లో గోడల్లోపల గొట్టాలతో నడిచే వాక్యూమ్ క్లీనర్ ఏర్పాటు కూడా ఉంది. నాన్న నీలం పెన్నుతో రాసుకున్నారు: "పశుసంపదతో ఎదిగిన ఊరు. కష్టపడినవాడు ఎదిగిన చోటు." ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, దీనికి ఎర్ర సిరా తగిలింది.

ఆ సిరా తగిలింది బఫెలో అనే ఊళ్లో. షెరిడన్ నుంచి దక్షిణంగా ముప్పావుగంట కూడా పట్టదు. ఊరి మధ్యలోంచి క్లియర్ క్రీక్ పారుతుంది. దాని ఒడ్డునే, 1880లో మొదలైన ఆక్సిడెంటల్ హోటల్. రేకు అచ్చుల పైకప్పు, పాతకాలం బార్ బల్ల, గోడల్లో తుపాకీ గుళ్ల రంధ్రాలు. పక్కనే జిమ్ గాచెల్ మ్యూజియం. గాచెల్ అనే ఆయన ఆ ఊళ్లో మందుల షాపు నడిపేవారు. అక్కడి ఆదివాసులైన షయాన్, లకోటా తెగల పెద్దలతో ఆయనకి స్నేహం. వాళ్లు ఇచ్చిన వస్తువులతో మొదలైన మ్యూజియం అది.

అక్కడ చెప్పే ముఖ్యమైన కథ 1892 నాటి జాన్సన్ కౌంటీ యుద్ధం. పెద్ద పెద్ద పశువుల ఆసాములు, రాజధాని షయాన్‌లో కూర్చుని రాష్ట్రాన్ని శాసించేవాళ్లు, ఇక్కడి చిన్న రైతులను పశువుల దొంగలని ముద్ర వేశారు. టెక్సస్ నుంచి తుపాకీ కూలీలను పిలిపించి, ప్రత్యేక రైలెక్కించి కాస్పర్ దాకా తెచ్చి, అక్కణ్నుంచి గుర్రాల మీద ఉత్తరానికి తోలారు. చంపాల్సినవాళ్ల పేర్ల జాబితా కూడా వెంట ఉంది. ఏప్రిల్ 9న, ఇవాళ కేసీ అనే చిన్న ఊరున్న చోట, ఒక దుంగల గుడిసెను చుట్టుముట్టారు. లోపల నేట్ ఛాంపియన్, నిక్ రే. రే ముందే పడిపోయాడు. ఛాంపియన్ ఒక్కడే పొద్దుగూకేవరకూ ఎదిరిస్తూ, మధ్య మధ్య జేబు పుస్తకంలో ఏం జరుగుతోందో రాసుకున్నాడు. గుడిసెకి నిప్పు పెట్టారు. ఇల్లంతా అంటుకుంది, మళ్లీ కలవకపోతే సెలవు కుర్రాళ్లూ అని రాసి బయటికి పరిగెత్తాడు. కాల్చేశారు. దాడి చేసినవాళ్ల వెంట వచ్చిన విలేకరి ద్వారా ఆ రాతలు పత్రికకెక్కి లోకానికి తెలిశాయి.

నాన్న ఆ భాగం చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తుపాకీ గుళ్ల మధ్య కూర్చుని జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలని ఒక పశువుల కాపరికి తోచడం ఆయన్ని కదిలించింది. "చదువుకున్నవాళ్లం మనం ఎంతమందిమి రాసిపెడుతున్నాం తల్లీ?" అన్నారు.

కబురు తెలిసి బఫెలో ఊరు ఊరంతా కదిలింది. షెరిఫ్ రెడ్ ఆంగస్ వెంట రెండు వందల మందికి పైగా వెళ్లి, ఊరికి దక్షిణాన ఉన్న టీఏ రాంచ్‌లో ఆ దండును ముట్టడించారు. ఇంకాస్త ఆలస్యమైతే దండులో ఒక్కడూ మిగిలేవాడు కాదు. వాళ్లను కాపాడింది ప్రభుత్వమే. వాషింగ్టన్‌కి తంతి వెళ్లింది, అధ్యక్షుడు హారిసన్ ఆజ్ఞ మీద దగ్గర్లోని మెకిన్నీ కోట నుంచి అశ్వికదళం వచ్చి వాళ్లను తన రక్షణలోకి తీసుకుంది. ఆ కేసులో ఒక్కరికీ శిక్ష పడలేదు. ఆ టీఏ రాంచ్ ఇప్పుడు కూడా అతిథులను ఉంచుకునే రాంచ్. గొడ్ల కొట్టం చెక్కల మీద గుళ్ల రంధ్రాలు అలాగే ఉన్నాయి. నాన్న ఒక రంధ్రంలో వేలు పెట్టి చూశారు. ఆ రాత్రి షెరిడన్ వాక్యం పక్కన ఎర్ర పెన్నుతో, "కష్టపడినవాళ్లు అందరూ కాదు. కొందరిని ఎదగనివ్వలేదు," అని చేర్చారు.

ఈ ఊళ్లలో నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. ఓడిపోయినవాడి జేబు పుస్తకాన్ని, సామాన్యుడి గుడిసెను కూడా గుర్తుపెట్టుకుంటారు. కొన్ని వేల జనాభా ఉన్న ఊరు కూడా తన మ్యూజియాన్ని తనే పోషించుకుంటుంది. లోపల కూర్చునేది ఎక్కువగా రిటైరైన టీచర్లు. వాళ్లకీ నాన్నకీ ఇట్టే కలిసిపోయేది. నాన్న ఇంగ్లీషు నెమ్మది, వాళ్లకీ తొందర లేదు. మన కొండవీటి మీద ఎన్ని కథలున్నాయో, కింద ఊళ్లో ఒక గదిలో వాటిని పేర్చి కూర్చునేవాళ్లు ఎంతమంది ఉన్నారో అని నాన్న కారులో బాధపడ్డారు. అది నాకూ బాధే.

ఫోర్ట్ ఫిల్ కార్నీ దగ్గర మేం గడిపింది అన్నిటికంటే ఎక్కువ సమయం. షెరిడన్‌కీ బఫెలోకీ మధ్యలో, హైవే దిగి కొంచెం లోపలికి వెళ్లాలి. కోట అంటే మనకి రాతి గోడలు మెదులుతాయి కదా, అక్కడ ఉన్నదంతా గడ్డి. 1866 వేసవిలో కర్నల్ హెన్రీ కారింగ్టన్ దుంగలు పాతి కట్టించాడు. మోంటానా బంగారు గనులకు పోయే బోజ్‌మన్ బాటను కాపాడటం దాని పని. ఆ బాట లకోటా, షయాన్, అరాపహో తెగలు అడవిదున్నలను వేటాడే నేల మీదుగా పోయేది. కోటకి కట్టెలు కావాలి, కట్టెలు కొండ దగ్గర ఉన్నాయి. రోజూ కట్టెల బండ్లు వెళ్లడం, రోజూ వాటి మీద దాడి. లకోటా పెద్ద రెడ్ క్లౌడ్ నాయకత్వంలో ఆ తెగలు కోటను నిద్రపోనివ్వలేదు.

డిసెంబర్ 21న కట్టెల బండ్లను విడిపించడానికి కెప్టెన్ ఫెటర్‌మన్ వెళ్లాడు. కొద్దిమంది రౌతులు ఎదురుపడి, పారిపోతున్నట్టు నటించి, లాడ్జ్ ట్రెయిల్ గట్టు దాటించారు. అవతల లోయలో వందలమంది కాచుకుని ఉన్నారు. గట్టు దాటిన 81 మందిలో ఒక్కరూ తిరిగిరాలేదు. ఆ గట్టు మీద ఇప్పుడు ఒక కాలిబాట, దాని వెంట బోర్డులు. ఒక బోర్డు సైనికుల వైపు నుంచి చెబితే, ఇంకోటి ఆ తెగల వైపు నుంచి చెబుతుంది. నాన్న ఏ బోర్డునూ వదల్లేదు. ఎండ మాడ్చేస్తోంది, గాలి నోట్‌బుక్ కాగితాలను ఎగరేస్తోంది. అమ్మ గొడుగు పట్టుకుని, "ఏమండీ, ఫొటో తీసుకుని ఇంటికెళ్లి చదువుకోవచ్చుగా," అంటోంది. "ఇక్కడ నిలబడి చదివితేనే ఆ గట్టు ఎటుందో తెలుస్తుంది," అన్నారాయన. నిజమే. రోడ్డు మీంచి చూస్తే అంతా ఒకే పచ్చిక. ఆ మలుపులో నిలబడితేనే, ఇంత చదునైన నేలలో అంతమంది ఎలా దాక్కోగలిగారో అర్థమవుతుంది.

గట్టు కొసన రాళ్లు పేర్చి కట్టిన పాత స్తంభం ఉంది. దాని మీది పలకలో ఆఖరి మాట, బతికినవారెవరూ లేరు అని. నాన్న చాలాసేపు చూసి, "బతికినవాళ్లు ఉన్నారుగా. వందలమంది. ఇళ్లకు వెళ్లారు, పిల్లలకు చెప్పుకున్నారు. వాళ్లని ఈ రాయి లెక్కలోకే తీసుకోలేదు," అన్నారు. ఆ మాట నోట్‌బుక్‌లో ఎర్రగా ఉంది.

ఆ రాత్రి కోటలో మిగిలినవాళ్ల పరిస్థితి తలచుకుంటే గుండె జారిపోతుంది. మంచు తుపాను, ఎప్పుడు మీదపడతారో తెలియదు, లోపల ఆడవాళ్లు, పిల్లలు. లెఫ్టినెంట్ గ్రమండ్ భార్య ఫ్రాన్సిస్ అప్పుడు గర్భిణి. భర్త ఆ గట్టు మీదే పోయాడు. సాయం కోసం జాన్ ఫిలిప్స్ అనే పోర్చుగీసు మనిషి, అజోర్స్ దీవుల్లో పుట్టినవాడు, 236 మైళ్ల దూరంలోని లరామీ కోటకు గుర్రం మీద బయల్దేరాడు. క్రిస్మస్ రాత్రి అక్కడి అధికారులు విందులో ఉండగా, మంచులో గడ్డకట్టి తలుపు దగ్గర దిగాడు. ఈ కథ విన్నవాళ్లంతా ఫిలిప్స్ ఏమయ్యాడని అడుగుతారట. అమ్మ మాత్రం, "మరి ఆ గుర్రం?" అంది. అక్కడి ఉద్యోగి నవ్వి, అది చేరీ చేరగానే చచ్చిపోయిందని చెబుతారన్నాడు. అమ్మకి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు స్టోరీ అనే పైన్ చెట్ల పల్లె మీదుగా వ్యాగన్ బాక్స్ పోరాటం జరిగిన చోటు చూశాం. 1867 ఆగస్టు 2. బండి పెట్టెలను గుండ్రంగా పేర్చుకుని, వాటి వెనక నుంచి 32 మంది గంటల తరబడి నిలబడ్డారు. ఆ వేసవిలోనే వాళ్లకి వెనక నుంచి గుండు పెట్టే కొత్త తుపాకులు వచ్చాయి. ముందటేడు ఫెటర్‌మన్ మనుషుల దగ్గర అవి ఉంటే కథ వేరేగా ఉండేదేమోనని అక్కడి బోర్డు చదివాక మేం మాట్లాడుకున్నాం. అయినా కడకు గెలిచింది రెడ్ క్లౌడే. 1868లో సైన్యం ఆ బాటను, కోటలను వదిలేసి వెళ్లిపోయింది. వాళ్లు కనుమరుగయ్యారో లేదో షయాన్‌లు కోటకు నిప్పుపెట్టారు. రెడ్ క్లౌడ్ ఆ కోటలు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఆ ఏడు నవంబర్‌లోగానీ ఒప్పందం మీద సంతకం చెయ్యలేదు. అమెరికా సైన్యం ఇలా వెనక్కి తగ్గిన సంగతి తను పాఠాల్లో ఎన్నడూ చెప్పలేదని నాన్న అన్నారు. పుస్తకంలో ఉంటే కదా చెప్పేది.

ఇక్కడి దాకా నాన్న లెక్కలో రెండు పక్షాలున్నాయి. మూడో పక్షం లిటిల్ బిగ్‌హార్న్‌లో ఎదురైంది.

షెరిడన్ నుంచి ఉత్తరంగా గంటంపావులో మోంటానాలోని క్రో ఏజెన్సీ అనే ఊరు వస్తుంది. యుద్ధభూమి చుట్టూ ఉన్నది క్రో తెగ రిజర్వేషన్, అంటే ఆ తెగకు కేటాయించిన నేల. 1876 జూన్ 25న లకోటా, షయాన్‌లతో జరిగిన పోరులో సైన్యాధికారి కస్టర్, అతని వెంట ఉన్న రెండు వందల మందికి పైగా సైనికులు చనిపోయిన కొండ అది. ఎవరు ఎక్కడ పడ్డారో అక్కడ తెల్ల పాలరాళ్లు పాతారు, ఒకచోట ఒంటరిగా, ఇంకోచోట గుంపుగా. గడ్డిలో అటూ ఇటూ చెదిరిన ఆ రాళ్లను చూస్తే ఎవరు ఎటు పరిగెత్తారో కూడా తెలుస్తుంది. చాలా కాలం ఆ చోటికి కస్టర్ పేరే ఉండేది. 1991లో చట్టం చేసి పేరు మార్చారు. 1999 నుంచి షయాన్, లకోటా వీరులు పడినచోట్ల ఎర్ర గ్రానైటు రాళ్లు పెట్టడం మొదలైంది. 2003లో వాళ్లకూ స్మారకం వెలిసింది. గుండ్రటి గోడ, దాని మీద ఇనుప తీగలతో గీసినట్టున్న రౌతులు, వాళ్లలోంచి ఆకాశం కనిపిస్తుంది. గోడలో వదిలిన ఖాళీలోంచి చూస్తే ఎదురుగా కొండ మీది సైనికుల స్తంభం.

మమ్మల్ని తిప్పిన గైడు ఒక క్రో అమ్మాయి, కాలేజీలో చదువుతోంది. నాన్న ఆమెను, "మీవాళ్లు గెలిచిన చోటు కదా," అని అడిగారు. ఆ అమ్మాయి మర్యాదగా ఆగి చెప్పింది. అమెరికా ప్రభుత్వం తెగలతో చేసుకున్న 1851 ఒప్పందం ప్రకారం ఈ నేలంతా, కిందటి కోటలున్న చోటుతో సహా, క్రోలది. లకోటాలు తూర్పు నుంచి తోసుకొచ్చి తమను వెనక్కి నెట్టారు. అందుకే క్రో స్కౌట్లు సైన్యానికి దారి చూపించారు, తమ నేలను తాము దక్కించుకోవడానికి. ఆ స్కౌట్లలో ఒకడైన కర్లీ సమాధి అక్కడి శ్మశానంలోనే ఉంది. "మా నానమ్మ ఈ కథ వేరేలా చెప్పేది. షయాన్ పిల్లలకి వాళ్ల నానమ్మ ఇంకోలా చెబుతుంది," అంది. నాన్న ఆ అమ్మాయికి చేతులు జోడించి నమస్కారం పెట్టారు. గురువులకి తప్ప ఆయన అలా పెట్టగా నేను చూడలేదు.

ఆ శ్మశానంలోనే ఇంకో సంగతి కనిపించింది. ఫిల్ కార్నీ కోట మూతపడ్డాక, అక్కడ పాతిపెట్టిన ఫెటర్‌మన్ మనుషుల అవశేషాలను తర్వాత్తర్వాత ఇక్కడికి తెచ్చారు. గట్టు మీద మేం వాళ్ల చివరి దారి నడిచాం. వాళ్లు మాత్రం కస్టర్ కొండ కింద పడుకుని ఉన్నారు. నాన్న వరసలన్నీ తిరిగి ఆ రాళ్ల దగ్గర ఆగారు. ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో రెడ్ క్లౌడ్ పేజీ మొత్తం ఎర్రబడింది. కొట్టివేత ఒక్కటీ లేదు. అన్నీ చేర్పులే.

రాంచెస్టర్‌లో టంగ్ రివర్ ఒడ్డున పిల్లలాడుకునే పార్కు ఒకటుంది. 1865 ఆగస్టు 29న జనరల్ కానర్ సైన్యం అరాపహోల ఊరి మీద పడిన చోటు అదే. ఆడవాళ్లు, పిల్లలు కూడా చనిపోయారు. దాని గురించి ఎక్కువ రాయలేను. మేమక్కడ కూర్చుని, తెచ్చుకున్న భోజనం విప్పకుండానే లేచి వచ్చాం.

పక్కనే ఉన్న డేటన్ మాత్రం అమ్మ ఊరు. 1911లో ఆ పల్లె సూసన్ విస్లర్ అనే ఆవిణ్ని మేయర్‌గా ఎన్నుకుంది. వయోమింగ్‌లో మొదటి మహిళా మేయర్ ఆవిడే. వయోమింగ్ 1869లోనే ఆడవాళ్లకి ఓటిచ్చిన ప్రాంతం మరి. బిగ్ హార్న్ అనే ఊరిదీ తమాషా కథే. అక్కడ స్థిరపడ్డ బ్రిటన్ ఆసాములు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి వేల గుర్రాలను బ్రిటిష్ సైన్యానికి అమ్మారు. 1984లో ఎలిజబెత్ రాణి వచ్చి ఆ ఊరి దగ్గరి స్నేహితుల రాంచ్‌లో దిగింది. అక్కడి బ్రింటన్ మ్యూజియంలో తెగల పూసల పని చూస్తూ అమ్మ చాలాసేపు ఉండిపోయింది.

చివర్లో కొండెక్కాం. డేటన్ నుంచి మలుపులు తిరుగుతూ పైకి పోయి, హైవే 14ఏ మీద పడమటికి వెళితే మెడిసిన్ వీల్ వస్తుంది. 9,642 అడుగుల ఎత్తు. కారు దిగాక మైలున్నర నడక. రాళ్లు పేర్చిన పెద్ద చక్రం, అడ్డంగా సుమారు 80 అడుగులు, మధ్య కుప్ప నుంచి 28 ఆకులు. ఎవరు, ఎప్పుడు పేర్చారో చెప్పేందుకు రాత లేదు. 1970లలో జాన్ ఎడ్డీ అనే ఖగోళ శాస్త్రవేత్త అందులోని రాళ్ల కుప్పలకూ, ఎండాకాలపు పొడవైన పగటి నాటి సూర్యోదయానికీ పొంతన ఉందని చూపించారు. చాలా తెగలకు అది ఇప్పటికీ పూజాస్థలమే. చుట్టూ కట్టిన తాటికి రంగురంగుల గుడ్డ పీలికలు, చిన్న మూటలు వేలాడుతుంటాయి. అచ్చం మన గుళ్లలో చెట్టు కొమ్మకి కట్టే ముడుపుల్లాగా. అమ్మకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మోకాళ్ల నొప్పి మాటే ఎత్తకుండా అంత దూరం నడిచి, చెప్పులు విడిచి, చుట్టూ ప్రదక్షిణ చేసింది. నాన్న ఆ చోట నోట్‌బుక్ తీయలేదు.

తిరుగు ప్రయాణంలో కేసీలో ఆగి పెట్రోలు కొట్టించుకున్నాం. ఛాంపియన్ గుడిసె ఉన్న వైపు చూపించి నాన్న పిల్లలకు ఆ కథంతా చెప్పారు. వారమంతా గుర్రాల కబుర్లతో ఊపిరాడనివ్వని పిల్లలు, కాస్పర్ వచ్చేదాకా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు.

నాన్న పోయాక ఆ నోట్‌బుక్ నా దగ్గరికి వచ్చింది. ఆఖరి పేజీలో "చూడవలసినవి" అని రాసి, కింద లరామీ కోట అని ఉంది. కిందటేడు మా అబ్బాయే డ్రైవ్ చేసి తీసుకెళ్లాడు. డెన్వర్ నుంచి అది దగ్గరే. 1849లో కట్టిన ఓల్డ్ బెడ్‌లామ్ అనే తెల్లటి మేడ ఇంకా నిలబడి ఉంది. క్రిస్మస్ విందు జరిగింది, ఫిలిప్స్ వచ్చి దిగింది అక్కడే. ఆ దగ్గర్లోనే ఒక స్మారక శిల కనిపించింది. దాని మీద రాసింది ఫిలిప్స్ గురించి కాదు, ఆయన్ని మోసుకొచ్చిన గుర్రం గురించి. అంత దూరం మంచులో పరిగెత్తి, అలసటతో ప్రాణం విడిచినందుకు దాని పేరిట రాయి నిలిపారు.

తెనాలిలో అప్పటికి తెల్లవారుతోంది. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"మనిషికి అక్కడ కోట దగ్గర ఒక రాయి, గుర్రానికి ఇక్కడ ఒక రాయి. అవునా?" అంది.

అవునన్నాను.

"పోనీలే, దాన్నీ తలుచుకున్నారు. ఫొటో తీసి పంపించు. మీ పిన్నికి చూపించాలి, అప్పట్నుంచీ అదీ అడుగుతోంది."